టికెట్టు బతుకమ్మ

నానక్‌రామ్‌గూడలో నీలమ్మ కోపం తెలియని మనిషి లేడు. కోపం అందరికీ వస్తుంది, అన్నం తిని పడుకుంటే చాలామందికి పోతుంది. నీలమ్మది ఆ రకం కాదు. ఆవిడ కోపాన్ని ఆవకాయలా జాడీలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, బాగా ఊరనిస్తుంది. తన పెళ్ళిలో వంకాయ కూర ఉప్పగా ఉందన్న ఆడపడుచుకు ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో వంకాయ ముక్క దొరకలేదు. పాలల్లో నీళ్ళు కలిపిన పాలాయనను ఒక్క మాట అనలేదు. ఇల్లిల్లూ తిరిగి గల్లీ మొత్తం చేత పాలు మాన్పించింది, అంతే. మొగుడు నర్సింహ లింగంపల్లి నుంచి షేర్ ఆటో నడుపుతాడు. ఆటో ఎక్కినవాళ్ళందరితో నోరారా కబుర్లు చెప్పే ఆ మనిషి ఇంటికొస్తే మాత్రం ముందు భార్య ముఖం చూసి, ఆ తరువాత నోరు తెరుస్తాడు.

ఇంత కోపిష్ఠికి దేవుడు అంత గొంతు ఎందుకిచ్చాడో తెలియదు. ఆ గొంతుకు పాట నేర్పింది తల్లి అంజమ్మ. ఇప్పుడు అద్దాల మేడలు లేచినచోట ఒకప్పుడు వరి నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ పాడిన పాటలన్నీ అంజమ్మ కూతురికి అప్పగించింది. బతుకమ్మ పాటను ఒకరు ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు చప్పట్లు చరుస్తూ అందుకోవాలి. ఎత్తుకునే మనిషి అంజమ్మకు ఓపిక ఉన్నన్నాళ్ళు అంజమ్మే. ఆయాసం వచ్చి తిరగలేకపోయాక ఆ పని నీలమ్మకు వచ్చింది. గొంతు వచ్చింది గానీ తల్లి గుణం మాత్రం రాలేదు. ఎవరేమన్నా, ఎవరేం చేసినా అంజమ్మ నోట ఒక్కటే మాట వచ్చేది: "పోనీయ్ బిడ్డా." ఆ మాట వింటే నీలమ్మకు ఇంకా మండేది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో గచ్చిబౌలి చౌరస్తాలో రిలే దీక్షల టెంటు వేశారు. నీలమ్మ సాయంత్రాలు పోయి కూర్చుని పాడేది. టార్పాలిన్ పట్టాల మీద కూర్చున్నవాళ్ళు కూర్చునేవారు, నిలబడ్డవాళ్ళు నిలబడేవారు. బందోబస్తుకు వచ్చిన పోలీసులు కూడా లాఠీతో మెల్లగా తాళం వేసేవారు. వినడానికి పైసా లేదు, పిలుపు లేదు, చెవులుంటే చాలు. ఆ టెంటును నడిపినవాడు లక్ష్మీనారాయణ. అతనిదీ అదే ఊరు. తండ్రి పొలం అమ్మిన డబ్బుతో టెంట్ హౌస్ పెట్టాడు, తరువాత ఫంక్షన్లు చేయించే కంపెనీ పెట్టాడు, ఉద్యమం వచ్చాక మెడలో గులాబీ కండువా వేశాడు. అప్పట్లో ప్రోగ్రాం ముగిశాక నీలమ్మ ఇంటికి వచ్చి, అంజమ్మ చేతి జొన్నరొట్టె, పచ్చిపులుసు తినిపోయేవాడు. "పెద్దమ్మా, నీ ఇంట్ల తిన్నది మర్చిపోతె నేను మనిషినే కాదు" అనేవాడు. తింటున్నంతసేపూ అనేవాడు.

సకల జనుల సమ్మెలో నీలమ్మ పాట చందానగర్ దాకా పాకింది. ఎక్కడ ధూంధాం అని ఆటపాటల సభ పెడితే అక్కడికి ఆవిడను తీసుకుపోయేవారు. జనం పెరిగేకొద్దీ లక్ష్మీనారాయణకు లెక్కలు తోచసాగాయి. మొదట స్టేజీ పక్కన చందా డబ్బా వచ్చింది. ఆ తరువాత ముందు వరుస కుర్చీలకు పాసులు వచ్చాయి. మరుసటి ఏడాది బతుకమ్మకైతే ఏకంగా మాదాపూర్‌లో ఏసీ హాలు తీసుకుని, వెనక మూడు వందలు, ముందు వెయ్యి అని టికెట్లు పెట్టాడు. ఇదేమిటని అడిగినవాళ్ళకు హాలు కిరాయి చెప్పాడు, లైట్లు చెప్పాడు, సౌండ్ చెప్పాడు. సాఫ్ట్‌వేర్ పిల్లలు కంప్యూటర్లోనే కొనేసుకున్నారు. పాడే ఆడవాళ్ళకు మాత్రం టెంటు రోజుల నాటి ధరే: ఆటో ఛార్జీ, ఒక శాలువా, ఒక బిర్యానీ పొట్లం.

నీలమ్మ అప్పుడు కూడా ఊరుకుంది. ఎందుకంటే ఆవిడకు ఒక కోరిక ఉంది. ఇన్నేళ్ళు పాడినా, పెద్ద స్టేజీ మీద మైకు ముందు తాను పాడుతుంటే తల్లి ఎదురుగా కూర్చుని చూడలేదు. టెంటు దగ్గరికి, ధూంధాంలకు అంజమ్మ ఆయాసంతో వచ్చేది కాదు. ఈ హాల్లో మెత్తటి కుర్చీలున్నాయి, దుమ్ము లేదు. అమ్మకు, ఆయనకు రెండు సీట్లు కావాలని అడిగింది. లక్ష్మీనారాయణ చేతిలో చెయ్యి వేసి, ముందు వరుసలోనే కూర్చోబెడతానన్నాడు.

ఆ సాయంత్రం అంజమ్మ పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టుకుంది. నర్సింహ ఆటోలో తీసుకొచ్చాడు. గేటు దగ్గర కాపలాదారు పాసు అడిగాడు. లోపల నా బిడ్డ పాడుతుందని అంజమ్మ చెప్పింది. అతను నవ్వాడు. ఇంతలో ఎవరో గొప్పవాళ్ళ కారు వస్తోందని లక్ష్మీనారాయణ పరుగున బయటికి వచ్చాడు. "లచ్చన్నా" అని అంజమ్మ పిలిచింది. అతను చూశాడు. బాగానే చూశాడు. చూసి, కాపలాదారుతో అన్నాడు:

"పాసు లేనోళ్ళను జరుపు. బండ్లొస్తున్నయ్."

ఆ రెండు సీట్లు అప్పటికే అమ్ముడుపోయాయి. కాపలాదారు అంజమ్మ రెక్క పట్టి పక్కకు జరిపాడు. నర్సింహ కొట్లాటకు దిగితే అతన్ని ఇద్దరు పట్టుకున్నారు. అంజమ్మ అల్లుడి చెయ్యి పట్టి లాగి, మురికికాలువ మీది బండ మీద కూర్చుంది. లోపలి నుంచి కూతురి గొంతు గోడలను దాటుకుని సన్నగా వినిపిస్తుంటే, ఆవిడ అక్కడే కూర్చుని చప్పట్లు చరుస్తూ అందుకుంది. దారిన పోయేవాళ్ళు పిచ్చిదనుకున్నారు.

నీలమ్మ పాడుతున్నంతసేపూ ముందు వరుసలో తల్లి ముఖం కోసం వెతికింది. ఎవరో లావుపాటి దంపతులు అక్కడ కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. బయటికి వచ్చి బండ మీద తల్లిని చూసింది, మొగుడి చొక్కా చిరుగు చూసింది, జరిగింది విన్నది. అంజమ్మ మాత్రం చీర కుచ్చెళ్ళకు అంటిన మురికి దులుపుకుంటూ, "పోనీయ్ బిడ్డా, పాట ఇననే ఇన్న" అంది.

నీలమ్మ పోనివ్వలేదు. శాలువా, బిర్యానీ పొట్లం గేటు దగ్గరే కాపలాదారు చేతిలో పెట్టి ఆటో ఎక్కింది. ఇంటికి చేరాక మొగుడితో ఒక్కటే చెప్పింది. వాడు మా అమ్మను పదిమందిలో కాదన్నాడు, వాణ్ని పదిమందిలో కాదనిపించకపోతే నేను అంజమ్మ కడుపున పుట్టలేదు అంది.

మొదటి ప్రయత్నం చలికాలంలో చేసింది, అది తుస్సుమంది. చందానగర్ సభలో బతుకమ్మ వరసలో లక్ష్మీనారాయణ మీదే పాట కట్టి పాడింది. పొలం అమ్మినోడు, పాట అమ్మినోడు, పెట్టిన రొట్టె మరిచినోడు అని ఒక్కొక్క చరణం వేసింది. జనం పడి పడి నవ్వారు. స్టేజీ మీద లక్ష్మీనారాయణ అందరికంటే గట్టిగా నవ్వి, లేచి చప్పట్లు కొట్టి, మా అక్కకు నా మీద ఎంత ప్రేమో చూడండి అని మైకులో చెప్పాడు. సిగ్గున్నవాడికి పాట తగులుతుంది. నీలమ్మకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మాటలతో వీడికి ఏమీ కాదని అప్పుడు తెలుసుకుంది. నవ్వులాటకు లొంగనివాణ్ని వాడికి కావలసిన దాని దగ్గరే కొట్టాలి. వాడికి ఏం కావాలో ఇంకా తెలియలేదు.

అది ఎండాకాలం పోయాక తెలిసింది. రాష్ట్రం ఇస్తున్నామని ఢిల్లీలో ప్రకటించారు. రోడ్ల మీద రంగులు చల్లుకున్నారు, స్వీట్లు పంచుకున్నారు. నర్సింహ ఆ రోజంతా ఆటో ఉచితంగా తిప్పాడు. లక్ష్మీనారాయణ ఎమ్మెల్యే సీటు మీద కన్ను వేశాడు. సద్దుల బతుకమ్మ నాడు, అంటే చివరి రోజు పెద్ద పండగ నాడు, అదే మాదాపూర్ హాల్లో ఇంకా పెద్ద ప్రోగ్రాం పెట్టి, సీట్లు ఇచ్చే పెద్ద లీడరును పిలిచి, నిండు హాలును ఆయన కళ్ళ ముందు పెట్టాలని అతని ఆలోచన. ఈసారి వెనక టికెట్టు వెయ్యి, ముందుది మూడు వేలు. ఆ సంగతి నీలమ్మకు పైగదిలో కిరాయికి ఉండే లావణ్య చెప్పింది. కడప నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే పిల్ల. ఉద్యమం రోజుల్లో, ఆంధ్రా పిల్లను ఎందుకు ఉంచుకున్నావని గల్లీలో ఒకరిద్దరు అడిగితే, నా ఇల్లు నా ఇష్టమని నీలమ్మ వాళ్ళ నోళ్ళు మూయించింది. ఆ పిల్లకు నీలమ్మ పాటంటే ప్రాణం. అయితే మూడు వేలు పెట్టాలంటే చేతులు రాలేదని, అయినా ఆఫీసులో అందరూ కొంటుంటే తనూ కొన్నానని సిగ్గుపడుతూ చెప్పింది. మెట్ల కిందే పాడే పాటకు మూడు వేలా అని నీలమ్మ ఆ పిల్లను కసిరింది.

లక్ష్మీనారాయణ పూలదండ, పండ్లు పట్టుకుని ఇంటికే వచ్చాడు. అంజమ్మ మంచినీళ్ళిచ్చింది. అతను ఆవిడ కాళ్ళకు దండం పెట్టి, పోయిన ఏడు గడబిడలో కనపడలేదు పెద్దమ్మా అన్నాడు, ఈసారి కూడా నీలమ్మే పాడాలన్నాడు. అంజమ్మ తల ఒంచుకుని కూర్చుంది. నీలమ్మ మాత్రం నవ్వుముఖంతో పాడతానంది. గోడ పక్క టీ తాగుతున్న నర్సింహ గ్లాసు కింద పెట్టి భార్య వైపు భయంగా చూశాడు. ఆవిడ నవ్విందంటే ఎవరికో మూడిందని అతనికి తెలుసు.

ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. స్టేజీ మీద థర్మకోల్ బతుకమ్మ వద్దు. మా గల్లీ ఆడవాళ్ళమే తంగేడు, గునుగు పూలు తెచ్చి, పసుపు గౌరమ్మను చేసి, దీపం పెట్టి, పద్ధతి ప్రకారం పేరుస్తాం అంది. లక్ష్మీనారాయణ ముఖం వెలిగింది. అసలు బతుకమ్మ అని బోర్డుల మీద రాయించి, ముందు వరుస వాళ్ళకు దాని చుట్టూ తిరిగి ఆడే అవకాశం అని ఇంకో అయిదు వందలు పెంచొచ్చని అక్కడే లెక్క కట్టాడు. మరి ప్రోగ్రాం అయ్యాక బతుకమ్మను ఏం చేస్తారని నీలమ్మ అడిగింది.

"దాని ఫికర్ నీకెందుకక్కా. మా క్లీనింగోళ్ళు ఊడ్చి చెత్తబండ్లేస్తరు."

అంజమ్మ తలెత్తి చూసింది. గౌరమ్మను ఇంటి ఆడబిడ్డలా సాగనంపుతారు. ఎంత బీదింటి బతుకమ్మైనా తలకెత్తుకుని, పాడుకుంటూ పోయి, నీళ్ళలో విడవాలి. ఎత్తిన బతుకమ్మను నీళ్ళదాకా దించరు, పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు అందరూ దాని వెంట నడుస్తారు. ఆ ఊళ్ళో పుట్టినవాడికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. లక్ష్మీనారాయణకూ తెలుసు, కాకపోతే హాల్లో పెట్టినంత మాత్రాన అది స్టేజీ సామాను అయిపోయిందనుకున్నాడు. అతను వెళ్ళాక నీలమ్మ తల్లి నోటి నుంచి "పోనీయ్ బిడ్డా" వస్తుందని ఎదురుచూసింది. అంజమ్మ ఆ మాట అనలేదు. అతను తెచ్చిన పండ్లు తీసుకెళ్ళి గల్లీలో పోయే గేదె ముందు పడేసింది.

నీలమ్మ లావణ్యను పిలిచి సంగతి చెప్పింది. నేను బతుకమ్మను ఎత్తుకోగానే నువ్వూ, నీ ఆఫీసు పిల్లలూ లేవాలి, మిగతాది నేను చూసుకుంటాను అంది. లావణ్య కళ్ళు మెరిశాయి. "నేను లేస్తా అక్కా, నా యెనక మా ఫ్లోరంతా లేస్తాది" అంది.

సద్దుల నాడు హాలు కిక్కిరిసింది. బతుకమ్మ మనిషి నడుము ఎత్తున పేర్చారు. ఏసీ గాలికి దీపం రెపరెపలాడుతుంటే గల్లీ ఆడవాళ్ళు కొంగులు అడ్డుపెట్టారు. పెద్ద లీడరు ఆలస్యంగా వచ్చి ముందు సోఫాలో కూర్చున్నాడు. లక్ష్మీనారాయణ ఆయన పక్కన ఒంగి, వెనక్కి చెయ్యి చూపిస్తూ, జనాన్ని చూడండన్నట్టు చెప్పుకుపోతున్నాడు. ఆయన తల ఊపుతున్నాడు. నీలమ్మ స్టేజీ మీది నుంచి అది చూసింది. ఆ తల ఊపుడే వాడికి కావలసింది. సరిగ్గా దాన్నే తీసుకుపోవాలి.

రెండు పాటలు బాగా పాడింది. ముందు వరుసవాళ్ళు స్టేజీ ఎక్కి బతుకమ్మ చుట్టూ తిరిగి ఫోటోలు దిగారు. ఇక లీడరు గారి ప్రసంగం అని ప్రకటించబోతుండగా నీలమ్మ మూడో పాట ఎత్తుకుంది. అది సాగనంపే పాట. పాడుతూనే ఒంగి, ఇద్దరు ఆడవాళ్ళు సాయం పట్టగా బతుకమ్మను తలకెత్తుకుంది. మెట్లు దిగింది. గల్లీ ఆడవాళ్ళు వెంట దిగారు.

లక్ష్మీనారాయణ పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు. నవ్వు ముఖం మీదే ఉంది, చెమట మాత్రం మొదలైంది. సార్ ఇంకా మాట్లాడలేదని, జర దించమని గొంతు తగ్గించి అడిగాడు. నీలమ్మ పాట ఆపి, అందరికీ వినపడేలా చెప్పింది:

"ఎత్తిన గౌరమ్మను దించుమంటున్నవా అన్నా? దించేది చెర్వుకాడనే. దమ్ముంటే ఆపు."

టీవీ కెమెరాలు ఇటు తిరిగాయి. తెలంగాణ వస్తున్న ఏడాది, సద్దుల నాడు, బతుకమ్మకు అడ్డం చెయ్యి పెట్టినవాడికి సీటు మాట దేవుడెరుగు, ఊళ్ళో నీళ్ళు కూడా పుట్టవు. లక్ష్మీనారాయణకు ఆ లెక్క కూడా వచ్చు. చెయ్యి దించి పక్కకు జరిగాడు.

లావణ్య లేచింది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని బతుకమ్మ వెనక నడిచింది. ఆమె వెనక ఆ వరుస లేచింది, ఆ వెనక వరుస లేచింది. ఎందుకు లేస్తున్నారో తెలియనివాళ్ళు కూడా, మనమే కూర్చుంటే బాగుండదని లేచారు. ఇళ్ళు వదిలి వచ్చి హాస్టళ్ళలో ఉండే వరంగల్, నిజామాబాద్ పిల్లలకైతే చెప్పనక్కర్లేదు. చెరువుకు పోతున్నామంటే వాళ్ళు పరుగెత్తారు. కాపలాదారు గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. పెద్ద లీడరు వెనక్కి తిరిగి ఖాళీ కుర్చీలను చూశాడు, చేతి గడియారం చూశాడు, వేరే ప్రోగ్రాం ఉందంటూ కారెక్కాడు. లక్ష్మీనారాయణ కారు తలుపు పట్టుకుని ఏదో చెప్పబోతే అద్దం పైకి లేచింది.

రోడ్డు మీద జనం ఇంకా కలిశారు. కట్టడం పనివాళ్ళు, వంట మనుషులు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల పెళ్ళాలు కూడా వెంట పడ్డారు. గుట్ట కింద పూడ్చగా మిగిలిన చెరువు దగ్గర అంజమ్మ మలీద గిన్నెతో కూర్చుని ఉంది. సజ్జరొట్టెలు తుంచి, బెల్లం, నెయ్యి కలిపిన ముద్దలు. కూతురు తల మీద బతుకమ్మ, వెనక అంతమంది జనం కనపడగానే ఆవిడ లేచి నిలబడింది. నీలమ్మ తల్లి ముందుకు వచ్చి, చరణం సగంలో ఆగి, ఆవిడ వైపు చూసింది. ఆయాసంతో రొప్పుతూనే అంజమ్మ మిగతా సగం ఎత్తుకుంది. వెయ్యీ మూడు వేలూ పెట్టి టికెట్టు కొన్న జనమంతా ఆ ముసలమ్మ పాటను అందుకున్నారు. నీలమ్మకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు.

బతుకమ్మను నీళ్ళలో విడిచారు. తరువాత అక్కడున్న ప్రతి మనిషికీ ఆ మలీదను సద్దిగా పెట్టడం మొదలుపెట్టారు. ఆ రోజు చెరువు దగ్గర ఎవరినీ దాటేసి పోరు. కులం అడగరు, పేరు అడగరు, చెయ్యి చాపితే ముద్ద పడాలి. నీలమ్మ గిన్నె పట్టుకుని వరుసగా పెట్టుకుంటూ వస్తోంది. అప్పుడొచ్చాడు లక్ష్మీనారాయణ. ముఖం కడుక్కున్నాడు, కండువా సర్దుకున్నాడు, ఒక ఫోటోగ్రాఫరును వెంట తెచ్చుకున్నాడు. ఈ జనమంతా తన జనమేనని రేపు పేపర్లో వేయించుకోవడానికి అతనికి ఒక్క ఫోటో చాలు. వరుసలో నిలబడి, తల ఒంచి, భక్తిగా చెయ్యి చాపాడు. ఫోటోగ్రాఫరు కెమెరా కంటికి ఆనించాడు.

నీలమ్మ ఏడాదిగా దాచుకున్న మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. అనేలోపే అంజమ్మ వచ్చి చేతిలోని గిన్నె తీసుకుంది. ఇక అమ్మ వీడికి ముద్ద పెడుతుంది, పోనీయ్ బిడ్డా అంటుంది, అంతా గంగపాలు అనుకుంది నీలమ్మ. చుట్టూ నిలబడ్డవాళ్ళు కూడా అదే అనుకున్నారు. లక్ష్మీనారాయణ కూడా అదే అనుకున్నాడు కాబోలు, "పెద్దమ్మా" అని చెయ్యి ఇంకొంచెం ముందుకు చాపాడు.

అంజమ్మ అతని ముఖంలోకి నింపాదిగా చూసింది. గిన్నె మీద మూత పెట్టింది.

"అయిపోయింది బిడ్డా" అంది.

గిన్నెలో సగానికి పైగా ఉంది. అది అందరికీ కనపడింది, అతనికీ కనపడింది. అంజమ్మ మూత తీసింది, పక్కనే ఉన్న ఫోటోగ్రాఫరును పిలిచింది, పెద్ద ముద్ద చేసింది. అతను కెమెరా మెడకు వదిలేసి రెండు చేతులూ చాపి తీసుకున్నాడు. ఆ తరువాత మనిషికి పెట్టింది, ఆ తరువాత మనిషికి పెట్టింది. లక్ష్మీనారాయణ చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది. అంజమ్మ ఎవరినీ దాటేయకుండా వరుస చివరిదాకా పెట్టుకుంటూ పోయింది.